తెరకి అడ్డం పడే ప్రకటనలు



పోయిన నెల ప్రవేశ పరీక్షకి పాత ప్రశ్నపత్రాలు కావాలని వార్డెన్ సారుని అడిగాను. "పది నిమిషాలేరా, మెస్ బిల్లు పంపాలి" అని తన ఫోను ఇచ్చారు. ఒక వెబ్‌సైటు దొరికింది, పేరు రాయను. తెరవగానే తెరంతా కప్పేసి ఒక ప్రకటన వచ్చింది. మూసే గుర్తు మూలన ఆవగింజంత ఉంది. దాన్ని నొక్కబోతే వేలు ప్రకటన మీదే పడి ఇంకెక్కడికో పోయింది. తిరిగి వస్తే పచ్చగా 'డౌన్‌లోడ్' బటన్ కనిపించింది. నొక్కాను. అదీ ప్రకటనే! ఏదో యాప్ దిగసాగింది. ఇంతలో ఒక వీడియో దానంతట అదే గట్టిగా మోగింది. పది నిమిషాలు అయ్యాయి, ఆ రోజు డేటా కూడా అయిపోయింది. బిల్లు పంపడానికి సారు ఆఫీసు గదికి నడవాల్సి వచ్చింది. నన్ను తిట్టలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఎందుకిలా చేస్తారని కంప్యూటర్ సారుని అడిగి, కొంత నేనూ చదివాను.

మనం ఊరికే చదివే వెబ్‌సైటుకి కూడా ఖర్చు ఉంటుంది. ఆ డబ్బు ప్రకటన ఇచ్చేవాళ్ళ దగ్గర నుంచి వస్తుంది. వెయ్యిసార్లు కనిపిస్తే ఇంత అనో, నొక్కితే ఇంత అనో లెక్క. 1994 అక్టోబరు 27న 'హాట్‌వైర్డ్' అనే అమెరికా వెబ్‌సైటులో ఏటీ అండ్ టీ కంపెనీ ప్రకటన ఒక పట్టీలాగా వచ్చింది. అది దేనికీ అడ్డం రాలేదు. తర్వాత 1990ల చివర్లో 'ట్రైపాడ్' సంస్థలో పనిచేసే ఈథన్ జుకర్‌మాన్, ప్రకటన వేరే కిటికీలో ఎగిరి వచ్చేలా ప్రోగ్రాం రాశాడు. కారణం వింతగా ఉంది. ఒక కార్ల కంపెనీ తన ప్రకటన అసభ్యమైన పేజీలో పడిందని గోల చేసిందట. పేజీకి దూరంగా పెడదామని చేసిన ఉపాయం చివరికి అందరి నెత్తిన పడింది! 2014లో ఆయన 'ది అట్లాంటిక్' పత్రికలో క్షమాపణ చెప్పుకున్నాడు.

నష్టం మనకే అనుకున్నాను, కాదు. మన సంతలో దుకాణం ముందు ఎవరైనా దారికి అడ్డంగా నిలబడి చెయ్యి పట్టి లాగితే ఏం చేస్తాం? పక్క దుకాణానికి పోతాం. ఇక్కడా అంతే. పొరపాటున పడ్డ నొక్కులకి గూగుల్ డబ్బు కట్టదు. పైగా ఫోనులో పేజీని కప్పేసే ప్రకటనలుంటే, వెతికినప్పుడు ఆ పేజీని కిందికి తోసేయవచ్చని 2017 జనవరి నుంచి నియమం పెట్టింది. 2018 ఫిబ్రవరి నుంచి క్రోమ్ బ్రౌజరు, మరీ విసిగించే వెబ్‌సైట్లలో ప్రకటనలు ఆపేస్తోంది. మన ప్రభుత్వం కూడా 2023 నవంబరు 30న 13 రకాల మోసపు పద్ధతులని నిషేధించింది. ప్రకటనని వార్తలాగా వేషం వేసి చూపడం అందులో ఒకటి.

"అన్నిటినీ అడ్డుకునే ప్రోగ్రాం ఉంది కదా, ల్యాబ్‌లో వేసేద్దాం" అని మా గదిలోవాడు అన్నాడు. దీని మీద రాత్రి స్టడీ అవర్‌లో మేం బాగానే వాదించుకున్నాం. మోసం చేసేవాడి మీద కోపంతో అన్నీ ఆపేస్తే, మర్యాదగా చిన్న పట్టీ పెట్టుకున్నవాడికీ పైసా రాదు. ముందు మూతపడేది వాడే. తెలుగులో పాఠాలు పెట్టే చిన్నవాళ్ళు మూసేస్తే మనం ఎక్కడికి పోతాం? వాడు ఒప్పుకోలేదు. "నీకు డేటా పోయింది సారుది కాబట్టి అలా అంటావ్, నీదైతే తెలిసేది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం సారు మళ్ళీ ఫోను ఇచ్చారు. ఈసారి ఇంకో వెబ్‌సైటు. అడుగున ఒక్క పట్టీ ఉంది, నీళ్ళ మోటార్ల ప్రకటన. అది చదివి మా అయ్యకి కూడా చెప్పాను. నాలుగు నిమిషాల్లో మూడేళ్ళ ప్రశ్నపత్రాలు దిగాయి. చేత్తో రాసి లైబ్రరీ బీరువా మీద పెట్టాను. లెక్కల పేపరులో చివరి పేజీ ఇంకా రాయలేదు, ఎవరైనా సాయం వస్తే రేపటికి అవుతుంది.