పప్పు తగ్గింది, నూనె పెరిగింది

పప్పుల్లో కూడా కొవ్వు ఉంటుందా అని చాలామందికి సందేహం. ఉంటుంది, కాని కంటికి కనబడదు. నూనె, నెయ్యి, వెన్న మనకు కనిపించే కొవ్వులు. ధాన్యం, పప్పులు, పాలు, గుడ్లు, మాంసం వంటి ఆహారాలలో కలిసిపోయి ఉండేది కనిపించని కొవ్వు. సుమారు అరవై ఏళ్ళలో మన దేశంలో ఈ రెండూ ఎలా మారాయో, ఆ మార్పు మన ఇంటి కంచంలోకి ఏమి తెచ్చిందో, ఏమి తీసుకుపోయిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఏ పప్పులో ఎంత కొవ్వు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించగా ఎంతోకాలంగా వాడుకలో ఉన్న పట్టికల ప్రకారం, 100 గ్రాముల కందిపప్పులో 1.7 గ్రాములు, మినపపప్పులో 1.4, పెసరపప్పులో 1.2, మైసూరుపప్పులో 0.7, ఉలవలలో 0.5 గ్రాముల కొవ్వు ఉంటుంది. శనగపప్పులో కొంచెం ఎక్కువ, 5.6 గ్రాములు. వేరుశనగపప్పు పేరుకు పప్పే అయినా అది నూనెగింజ. అందులో 40 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. కాబట్టి దానిని ఈ లెక్కలో కలపకూడదు.

పప్పులలో కొలెస్టరాల్ అసలు ఉండదు. ఉన్న కాస్త కొవ్వులోనూ ఎక్కువ భాగం గుండెకు హాని చేయని రకమే.

దేశం లెక్క ఎలా వేస్తారు?

దేశంలో పండిన పప్పుకు దిగుమతి చేసుకున్నది కలిపి, ఎగుమతి అయినది, విత్తనానికి, దాణాకు పోయినది, వృథా అయినది తీసివేస్తారు. మిగిలినదానిని జనాభాతోను, సంవత్సరంలోని రోజులతోను భాగిస్తారు. వచ్చినది తలకు రోజుకు లభించే పప్పు. ఇది సగటు లెక్క మాత్రమే. ఒక ఇంట్లో ఇంతకు రెండింతలు తినవచ్చు, మరొక ఇంట్లో వారానికి ఒక్కరోజే పప్పు వండవచ్చు.

మన దేశంలో 1961లో తలకు రోజుకు 69 గ్రాముల పప్పు లభించేది. 1971 నాటికి అది 51 గ్రాములకు, 1981 నాటికి 37.5 గ్రాములకు దిగింది. 2001లో 30 గ్రాములే. తరువాత కొంత కోలుకుని 2011లో 43 గ్రాములకు చేరింది.

పప్పులన్నీ కలిపి నూటికి రెండు, మూడు గ్రాముల కొవ్వు ఉందనుకుందాం. 1961లో పప్పు ద్వారా మనిషికి రోజుకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల కొవ్వు అందేది. 2001లో అది ఒక గ్రాము కూడా లేదు.

ఇప్పుడు వంటనూనెల సంగతి చూడండి. 1960-61లో తలకు సంవత్సరానికి 3.2 కిలోల నూనె లభించేది. అంటే రోజుకు సుమారు 9 గ్రాములు. 2000-01లో అది 8.2 కిలోలు, 2010-11లో 13.6 కిలోలు అయింది. అంటే రోజుకు 37 గ్రాములు. పప్పులో పోయింది ఒక గ్రాము కొవ్వు. నూనెలో వచ్చింది 28 గ్రాములు.

ఎందుకిలా జరిగింది?

1960-61లో దేశంలో 1 కోటి 27 లక్షల టన్నుల పప్పుధాన్యాలు పండాయి. నలభై ఏళ్ళ తరువాత, 2000-01లో పండినది సుమారు 1 కోటి 11 లక్షల టన్నులే. ఈలోగా జనాభా 44 కోట్ల నుంచి 103 కోట్లకు చేరుకుంది. 1960ల మధ్యలో హరిత విప్లవం మొదలైనప్పుడు నీరు, ఎరువు, మద్దతు ధర ఎక్కువగా వరికి, గోధుమకు అందాయి. కంది, పెసర, మినుము, ఉలవ చాలావరకు వర్షాధార భూములకే పరిమితమయ్యాయి. మన రాష్ట్రంలో 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదవాని కడుపు నింపింది, అది చిన్న మేలు కాదు. అయితే బియ్యం దొరికినంత చౌకగా పప్పు దొరకలేదు. 2015లో అనేక పట్టణాల్లో కిలో కందిపప్పు 200 రూపాయల వరకు పలికింది. అలాంటప్పుడు ముద్దపప్పు పప్పుచారుగా మారడం, చారు ఇంకా పలచబడడం ప్రతి తల్లికీ తెలిసిన సంగతే.

నూనె మాత్రం మరో దారిలో వచ్చింది. 1994లో పామాయిలు దిగుమతిపై ఆంక్షలు సడలించాక విదేశీ నూనె విరివిగా దొరకసాగింది.

2016 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ పప్పుధాన్యాల సంవత్సరంగా పాటించింది. 2016-17లో మన దేశంలో ఉత్పత్తి 2 కోట్ల 31 లక్షల టన్నులకు పెరిగింది. ఇది మంచి మార్పు.

నిజంగా పోయినదేమిటి?

ఒక గ్రాము కొవ్వు తగ్గితే ఎవరికీ నష్టం లేదు. కాని ఆ గ్రాముతోపాటు వెళ్ళిపోయినవాటిని చూడాలి. పప్పులో నూటికి 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. 69 గ్రాముల పప్పు నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు వస్తే, 30 గ్రాముల నుంచి ఆరేడు గ్రాములే వస్తాయి. పీచు, ఇనుము, ఫోలిక్ ఆమ్లం కూడా ఆ మేరకు తగ్గుతాయి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే పోషకం పప్పులో ఎక్కువ. అందుకే పప్పన్నం ఒకదాని లోటు మరొకటి తీర్చే భోజనం. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఈ లోటు ముందుగా తగులుతుంది.

ఇక పెరిగిన 28 గ్రాముల నూనె రోజుకు 250 కేలరీలు ఇస్తుంది. అందులో మాంసకృత్తులు లేవు, పీచు లేదు. ఒంటికి పని తగ్గినవారిలో ఇది నడుము చుట్టూ చేరుతుంది. మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీసే కారణాలలో ఇది ఒకటి.

ఇంట్లో మనమేం చేయాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే వ్యక్తికి 85 గ్రాముల పప్పులు, 27 గ్రాముల నూనె చాలు. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్ల నూనె అన్నమాట. ఈ నెల మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అయ్యాయో ఒకసారి లెక్క చూసుకోండి.

అంత పప్పు కొనే స్తోమత అందరికీ ఉండకపోవచ్చు. అయినా ఒక నూనె ప్యాకెట్ తగ్గించి, ఆ డబ్బుతో పప్పు కొనడం చాలా ఇళ్ళలో సాధ్యమే. కందిపప్పు ధర పెరిగినప్పుడు ఉలవలు, అలసందలు, పెసలు, శనగలు వాడండి. శనగల గుగ్గిళ్ళు, మొలకెత్తిన పెసలు, తక్కువ నూనెతో కాల్చిన పెసరట్టు పిల్లలకు మంచి అల్పాహారం. బజ్జీలు, పునుగులు, గారెలు కూడా పప్పుతో చేసినవే కదా అనకండి. మూకుడులో వేగేసరికి అవి పప్పు వంటకం కాక నూనె వంటకం అవుతాయి. పోపుకు ఒక చెంచా నూనె చాలు. పప్పులో చివర నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పసిపిల్లలకు పైన తేరిన కట్టు మాత్రమే పెట్టకుండా, మెత్తగా ఉడికిన పప్పును మెదిపి పెట్టండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత పప్పు తినాలో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

గుర్తుంచుకోండి

1. పప్పులో కొవ్వు బహు తక్కువ. దానికి భయపడి పప్పు మానవద్దు.
2. మన ఆహారంలో కొవ్వు పెరిగింది నూనె వల్ల, పప్పు వల్ల కాదు.
3. నూనె కొలిచి వాడండి, పప్పు చిక్కగా వండండి.