పసిబిడ్డల విరేచనములు : ఏటేట రకము మార్చు రోటా వైరసు

మిరప వేసిన రైతునకు ఏ యేటి తెగులు ఆ యేటిదే. 2021వ సంవత్సరమున మన గుంటూరు, ప్రకాశము జిల్లాల తోటలలో నల్ల తామరపురుగు దిగి పూతను పాడుచేసినప్పుడు, అంతకుముందు పైముడుతకు కొట్టుచుండిన మందులు దానిపై చాలినంతగా పనిచేయలేదు. ప్రత్తిలోను ఇంతే, శనగపచ్చపురుగు తగ్గినదని సంతోషించునంతలో గులాబిరంగు కాయతొలుచు పురుగు పైకొనెను. పైరునకు వలెనే పసిబిడ్డలకును రకము మార్చుకొనుచు వచ్చెడి శత్రువొకటి కలదు. దానిని గూర్చి ఈ నెల కొంత వ్రాయుచున్నాము.

వాంతులతోను జ్వరముతోను మొదలై, నీళ్లవంటి విరేచనములతో ఒకటి రెండు దినములలోనే బిడ్డను వడలజేయు వ్యాధికి ముఖ్యకారణము రోటా వైరసు. 1973లో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్ను నగరమున రూత్ బిషప్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె తోడివారును దీనిని కనుగొనిరి. సూక్ష్మదర్శినిలో బండిచక్రమువలె కనబడుటచే, లాటిను భాషలో చక్రమనెడి అర్థముగల రోటా అను పేరు దీనికి వచ్చెను. టీకా రాకపూర్వము మన దేశమున ఏటేట సుమారు 78,000 మంది ఐదేండ్లలోపు బిడ్డలు దీనివలన మరణించుచుండిరని నిపుణులు లెక్కగట్టిరి. శుభ్రమైన ఇండ్లలోని బిడ్డలకును ఇది సోకును. ఐదేండ్లు నిండులోపల దీని బారిన పడని బిడ్డ అరుదు.

ఈ చక్రము బయటి పొరలో రెండు విధములగు మాంసకృత్తులు గలవు. ఒకదానిని జి అనియు, రెండవదానిని పి అనియు పిలిచి, వాని అంకెలనుబట్టి రకమును గుర్తింతురు. దీని జన్యుపదార్థము ఒకే దారముగా గాక 11 తునకలుగా నుండును. ఒక బిడ్డ కడుపులో ఒకే సమయమున రెండు రకములు చేరినచో, ఈ తునకలు అటునిటు కలిసి క్రొత్త రకము పుట్టవచ్చును. రెండు రకముల ప్రత్తి ప్రక్కప్రక్కన పూచిన చేనిలో గింజ కల్తీ యగుట మనమెరిగినదే గదా! దేశములోని ఆసుపత్రులలో 2005 నుండి ఈ రకములను క్రమముగా పరీక్షించుచు వచ్చిరి. తొలి సంవత్సరములలో జి1 పి8, జి2 పి4 అనునవి హెచ్చుగా కనబడెను. జి9, జి12 రకములును వచ్చి పోవుచుండెను. తరువాతి కాలమున జి3 పి8 అనునది ముందునకు వచ్చినది. ఉత్తరదేశమున చలినెలలలో ఈ వ్యాధి స్పష్టముగా పెచ్చు పెరుగును. దక్షిణమున అంత స్పష్టమైన ఋతుభేదము లేదు. చలికాలమున హెచ్చినను తక్కిన నెలలలో పూర్తిగా మానదు.

రకము మారుచుండగా ఒక్క టీకా ఎట్లు చాలునని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో, 1980 తరువాతి దశకమున, అప్పుడే పుట్టిన బిడ్డలలో ఒక రోటా వైరసు కనబడినది. ఆశ్చర్యమేమనగా, అది సోకిన బిడ్డలకు విరేచనములు కలుగలేదు. పైగా తరువాత తీవ్రమైన వ్యాధినుండి రక్షణ కలిగెను. పరీక్షించి చూడగా దాని 11 తునకలలో ఒకటి పశువుల రోటా వైరసునుండి వచ్చినదని తేలినది. 116ఇ అను ఆ రకమునుండియే హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ చుక్కలమందును తయారుచేసినది. ఢిల్లీ, పూనా, వేలూరులలో 6,799 మంది శిశువులపై దీనిని పరీక్షించి 2014లో ఫలితములను ప్రకటించిరి. తీవ్రమైన వ్యాధి మొదటి యేట నూటికి 56 పాళ్లు, రెండవ యేట 49 పాళ్లు తగ్గెను. టీకాలోనిది ఒక్క రకమే యైనను, వేర్వేరు రకములపై రక్షణలో పెద్ద భేదము కనబడలేదు. ఒక రకముతో పరిచయమైన దేహము ఇతర రకములను సైతము కొంతవరకు ఎదుర్కొనుటయే దీనికి కారణము. నూటికి నూరుపాళ్లు కాదు గదా యని పెదవి విరుచువారున్నారు. సగము పంటను దక్కించు మందును వలదను రైతును మేము చూడలేదు. 2016లో ప్రభుత్వ టీకాల పథకమున ఈ చుక్కలను మొదట చేర్చిన నాలుగు రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరవ, పదియవ, పదునాలుగవ వారములలో వీనిని వేయింపవలెను. ఏడాది నిండకముందు మొదటి మోతాదు పడినచో, మిగిలినవానిని తరువాతనైనను పూర్తిచేయుదురు.

చుక్కలు వేసిన బిడ్డకును విరేచనములు రావచ్చును. అప్పుడు ఏ రకమో తెలియనక్కరలేదు, వైద్యమొక్కటే. "లంఖణము పరమౌషధము" అను సామెత పసిబిడ్డ విషయమున ప్రాణాంతకము. తల్లిపాలు ఎంతమాత్రము ఆపరాదు. ఓ.ఆర్.యస్. పొట్లమును ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, ప్రతి విరేచనము తరువాత చెంచాతో కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. వాంతియైనచో పది నిమిషములాగి మరల మొదలుపెట్టవలెను. కలిపిన నీటిని మరునాటికి మించి ఉంచరాదు. డాక్టరు చెప్పిన మోతాదున జింకు బిళ్లలను 14 దినములు వేయవలెను, విరేచనములు కట్టినను మానరాదు. వైరసుపై పనిచేయని మందును సూదిగా పొడిపించి డబ్బు పోగొట్టుకొనుట మన పల్లెలలో తరచుగా జరుగుచున్నది. కన్నులు లోతుకు పోయి, బిడ్డ మగతగా నుండి, త్రాగలేక, మూత్రము తగ్గినచో ఒక్క గంటయైనను ఆగక ఆసుపత్రికి చేర్పవలెను.

ఇక సంఘసభ్యులకు ఒక్క మాట. మిరపకోతలకు, ప్రత్తితీతలకు కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి ప్రాంతములనుండి కూలీలు చంటిబిడ్డలతో వచ్చి నెలల తరబడి మన చేలగట్లపై గుడారములు వేసికొని యుందురు. ఆరు, పది, పదునాలుగు వారములు ఇక్కడనే గడచిపోవుటచే ఆ బిడ్డలకు చుక్కలు తప్పిపోవుచున్నవి. సొంతయూరిలోనే వేయింపవలెనను నియమము లేదు; ఏ ప్రభుత్వ ఉపకేంద్రములోనైనను ఉచితముగా వేయుదురు. కావున కూలీలు దిగిన నాడే బిడ్డల టీకాకార్డులను అడిగి చూచి, ఊరి ఆశా కార్యకర్తకు వారి పేర్లు తెలుపవలెను. కళ్లమువద్ద కాచిన నీటి కుండను, నాలుగు ఓ.ఆర్.యస్. పొట్లములను ఉంచవలెను. కోత ముమ్మరముగా నున్న రోజైనను, తల్లికి పూట కూలి విరుగకుండ బిడ్డను చుక్కలకు తీసికొనిపోవుటకు సెలవీయవలెను.