విదేశీ ధనప్రేషణము – బ్యాంకు గుర్తింపు సంకేతము

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో కుమారుడో, భర్తయో గల్ఫు దేశములలో శ్రమించి పంపు సొమ్ముతో జరుగుబాటు కావలసిన కుటుంబములు కలవు. పరీక్ష రుసుము కట్టవలసిన గడువు సమీపించినప్పుడు ఒక్క అక్షరము తప్పినను ఆ సొమ్ము దారిలో నిలిచిపోవచ్చును. కావున ఈ విషయమును విద్యార్థులు చక్కగా గ్రహింపవలెను.

1973లో 15 దేశములకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియములో ‘స్విఫ్ట్’ అను సహకార సంస్థను నెలకొల్పినవి. దాని సందేశ వ్యవస్థ 1977లో ఆరంభమైనది. స్విఫ్ట్ స్వయముగా ధనమును మోయదు; ఒక బ్యాంకు మరొక బ్యాంకునకు వ్రాయు చెల్లింపు ఉత్తరువును మాత్రమే చేరవేయును. ఆ ఉత్తరువుపై ఉండు చిరునామాయే ‘బి.ఐ.సి.’. దీనినే వాడుకలో స్విఫ్ట్ కోడ్ అందురు.

ఇందులో 8 లేక 11 అక్షరములుండును. భారతీయ స్టేట్ బ్యాంకు సంకేతమైన ‘ఎస్.బి.ఐ.ఎన్.ఐ.ఎన్.బి.బి.’ని పరిశీలింతము. మొదటి నాలుగు అక్షరములు బ్యాంకును, తరువాతి రెండు దేశమును, ఆపై రెండు స్థలమును తెలుపును. చివర మూడు చేర్చినచో అవి శాఖను సూచించును.

మన దేశములోపలి బదిలీలకు వాడు ఐ.ఎఫ్.ఎస్.సి. వేరు. దానికిని 11 స్థానములే. స్టేట్ బ్యాంకు విషయములో మొదటి నాలుగు అక్షరములును అవియే. అందుచే పొరపాటు సులభము. అయిదవ స్థానమున సున్న యున్నచో అది ఐ.ఎఫ్.ఎస్.సి.; అయిదు, ఆరు స్థానములలో ‘ఐ.ఎన్.’ ఉన్నచో అది భారతీయ బ్యాంకు యొక్క బి.ఐ.సి. అని ఎరుగునది.

ప్రతి శాఖకును ప్రత్యేక బి.ఐ.సి. ఉండదు. అట్టిచో బ్యాంకు వారు సూచించిన సంకేతమునే వాడి, ఖాతా సంఖ్యను, శాఖ వివరములను జతపరుపవలెను. గల్ఫు దేశములలో వాడు ‘ఐబాన్’ పద్ధతిని భారతదేశము అవలంబింపలేదు.

పాత పాసుపుస్తకములను నమ్మి సంకేతము వ్రాయరాదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోను విలీనమైనవి.

కడపట ఒక హెచ్చరిక. ఈ సంకేతము రహస్యము కాదు. పిన్ సంఖ్య, ఓ.టి.పి. రహస్యములు. సొమ్ము వచ్చుటకు వానిని అడుగువాడు మోసగాడని తలంపుడు. చదువుకొన్నవారు ఈ భేదమును ఇంటిలోని పెద్దలకు విడమరచి చెప్పినచో, ఆ చదువు సార్థకమగును.