వంత పాడే గొంతు చాలు

బతుకమ్మ రోజులు దగ్గరపడుతున్నకొద్దీ పాటల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి ఎక్కువగా తార్నాక, హబ్సిగూడ, లాలాగూడ, ఉస్మానియా క్యాంపస్‌ల నుంచి వచ్చాయి. పదిమంది కూడి జానపదాలు పాడుకునే బృందంలో చేరాలని ఉందంటూనే, ఏదో ఒక భయం చెప్పుకున్నారు అందరూ.

*మేడమ్, నాకు యాభై రెండేళ్లు. ఎనిమిదో తరగతిలో ఉండగా బళ్లో పాటల టీచర్ ‘నీకు శ్రుతి లేదు, ఊరికే పెదాలు ఆడించు’ అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా పాడలేదు. మా వీధిలో సాయంత్రాలు ఆడవాళ్లు కూడి పాత పాటలు పాడుతున్నారు. నేను వెళితే అందరి పాటా చెడిపోతుందేమో.*
– ఒక గృహిణి, తార్నాక

మీ వల్ల ఎవరి పాటా చెడిపోదమ్మా. పక్కవాళ్లు అపశ్రుతి పాడితే మీ చెవికి తెలుస్తోందా? తెలిసిన పాటని ఎవరైనా మాటలు లేకుండా కూనిరాగం తీస్తే ఫలానా పాట అని గుర్తుపడతారా? రెండిటికీ అవునంటే మీ చెవి బాగుంది, గొంతుకి అలవాటు తప్పిందంతే. స్వరాల తేడా బొత్తిగా తెలియని స్థితిని అమ్యూజియా అంటారు. పుట్టుకతో అది ఉన్నవారు నూటికి నలుగురిని మించరు. పైగా మన పల్లె పాటలు చాలావరకు ఐదారు స్వరాల్లోనే తిరుగుతాయి, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేలా కట్టినవి. కొన్నాళ్లు వంతలో మాత్రమే ఉండండి, గొంతు నిలకడగా ఉన్న ఒకరి పక్కన నిలబడండి. మీరు భయపడుతున్న తప్పులు చాలావరకు ఆ పక్క గొంతు వింటూ వింటూనే సర్దుకుంటాయి.

*ప్రాక్టీసు అయిన మర్నాడు గొంతు బొంగురుపోతోంది. నేను టీచర్ని, గొంతే నా జీవనాధారం. ఇలా పాడుతూ పోతే శాశ్వతంగా దెబ్బతింటుందా?*
– ఒక ఉపాధ్యాయురాలు, హబ్సిగూడ

ఒక పూటో ఒక రోజో ఉండి తగ్గిపోయే బొంగురు కేవలం అలసట, దాన్ని చూసి బెంగపడకండి. పొద్దున్నుంచి ఆరు పీరియడ్లు అరిచిన గొంతు సాయంత్రం మళ్లీ పనిలోకి దిగుతోంది కదా. పాటకి ముందు కాసేపు మాట తగ్గించి, గుక్కగుక్కగా నీళ్లు తాగుతూ, నోరు మూసుకుని సన్నగా హమ్ చేయండి. గొంతు బొంగురుగా ఉన్నప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు చాలామంది. దానివల్ల గొంతు ఇంకా బిగుసుకుపోవచ్చు, కాబట్టి మెల్లగా మామూలు గొంతుతోనే మాట్లాడండి.

నా అనుమానం శ్రుతి మీద కూడా ఉంది. పాట ఎత్తుకునే ఆమె తన గొంతుకి తగ్గట్టు పైన ఎత్తుకుంటే, వెనక ఉన్నవాళ్లంతా మెడనరాలు ఉబ్బేలా లాగుతారు. కొంచెం కిందికి ఎత్తుకోమని మొహమాటం లేకుండా అడగండి. మీరు అడిగితే నోరు విప్పని మరో నలుగురికీ మేలు చేసినవారవుతారు. బొంగురు మూడు వారాలు దాటినా పోకపోతే మాత్రం ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరతంత్రులు చూపించుకోవాలి. మింగుతుంటే నొప్పి, దగ్గులో రక్తం, మెడలో గడ్డ, ఊపిరి అందకపోవడం – వీటిలో ఏది కనిపించినా మూడు వారాలు ఆగొద్దు.

*మాది పాలమూరు వైపు. అమ్మ నాట్లేస్తూ పాడే పాటలు నాకు చాలా వచ్చు. క్యాంపస్‌లో పాడే గుంపులోకి రమ్మని హాస్టల్ స్నేహితులు పిలుస్తున్నారు. అవి కూలి పాటలు, మా యాసలో ఉంటాయి. నవ్వుతారేమోనని ఒక భయం. పాడాక ఎవరో ఎత్తుకుపోయి తమవని చెప్పుకుంటారేమోనని ఇంకో భయం.*
– ఒక పరిశోధక విద్యార్థిని, ఉస్మానియా విశ్వవిద్యాలయం

ముందు మొదటి భయం. మీరు చదువుతున్న ఆ విశ్వవిద్యాలయంలోనే బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు, అది 1958లో పుస్తకంగా వచ్చింది. ఆయనదీ వరంగల్ వైపు పల్లెటూరే, దేవునూరు. నాటు పాట, దంపుడు పాట, విసుర్రాయి పాట, జోల పాట – ఇవి పెద్ద చదువుకి తగినవేనా అని మీరిప్పుడు పడుతున్న సంకోచానికి ఆ ఆవరణలో ఎప్పుడో జవాబు దొరికింది. తర్వాత తెలంగాణ ఉద్యమంలో, 2009 చివర్లో ఆర్ట్స్ కాలేజీ ముందు డప్పుతో పాటు మోగినవి కూడా చాలావరకు ఈ యాస పాటలే. యాస కొత్తగా విన్నవాళ్లు మొదటిరోజు కాస్త నవ్వొచ్చు, ఆ నవ్వు సాధారణంగా రెండో పాటకి ఆగిపోతుంది. ఆగకపోతే, మీరు పాడుతుంటే మిమ్మల్ని అనుకరించి వెక్కిరిస్తుంటే, ఆ గుంపు వదిలేయండి. అది మీరు సర్దుకుపోవాల్సిన విషయం కాదు.

రెండో భయం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. జానపదం అనగానే దానికి సొంతదారు లేరనుకుంటారు, పాడిన మనిషి పేరు మొదట జారిపోతుంది. ఈసారి ఊరికెళ్లినప్పుడు అమ్మ దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. పాటకి ముందు ఆమె పేరు, ఊరు, తారీఖు, ఏ పనిలో పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనేవి ఆమె నోటితోనే చెప్పించండి. బయట పాడొచ్చా అని అడగండి. కొన్ని వద్దంటారు, ఆ మాట వినండి. బృందంలో నేర్పేటప్పుడు ప్రతిసారీ ఆమె పేరు, ఊరు చెప్పి మొదలుపెట్టాలని ముందే మాట తీసుకోండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెబుతాను. నాటేవాళ్లు వంగి, వెనక్కి అడుగేస్తూ పాడతారు, ఆ చేతుల వేగమే పాట వేగం. వేదికెక్కగానే డప్పు తోడై అది రెట్టింపవుతుంది, పాటలో ఉన్న ఒంటినొప్పి, ఓపిక రెండూ ఎగిరిపోతాయి. నేర్పేటప్పుడు స్నేహితులను ఒకసారి వంగి, చేతులాడిస్తూ పాడమనండి, నడక వాళ్లకే తెలుస్తుంది. పాత పాటల్లో అక్కడక్కడ కులాన్నో ఆడవాళ్లనో కించపరిచే మాటలు దొర్లుతాయి. అలాంటిది నోటికి రాకపోతే బలవంతాన పాడకండి, ఎందుకు పాడలేకపోతున్నారో అందరితో మాట్లాడండి.

*లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యాను, 68 ఏళ్లు. చిన్నప్పుడు ఊళ్లో కోలాటం పాటలు ఎత్తుకునేవాణ్ని. ఇప్పుడు చరణం పూర్తి కాకముందే ఊపిరి అయిపోతోంది, గొంతు వణుకుతోంది. మానేయమంటారా?*
– ఒక పెద్దాయన, లాలాగూడ

మానేయమనను సార్. అరవై దాటాక స్వరతంత్రులు పలచబడతాయి, ఊపిరితిత్తుల సాగుడు తగ్గుతుంది. కొంచెం వణుకు, కొంచెం ఊపిరి తక్కువ కావడం ఆ వయసుకి మామూలే. బృందంలో పాడటంలో ఒక సుఖముంది: అందరూ ఒకేచోట ఊపిరి తీయక్కర్లేదు. పక్కాయన పాడుతుండగా మీరు ఊపిరి తీసుకోండి, ఆయన తీసుకునేటప్పుడు మీరు పట్టి ఉంచండి, వినేవాళ్లకి పాట తెగినట్టే ఉండదు. కోలలు వేస్తూ పాడటం వేరే శ్రమ, అది కుర్రవాళ్లకి వదిలి మీరు కూర్చుని పాట అందించండి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు లాంటివి ఉంటే పాట సంగతి తర్వాత, ముందు గుండె, ఊపిరితిత్తులు పరీక్ష చేయించుకోండి. ఛాతీలో బిగుతు మొదలై వదలకపోతే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి. గొంతుతో పాటు చేతులూ వణుకుతుంటే న్యూరాలజిస్టుకి చూపించండి.

*రెండు నెలల క్రితం థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మాట గాలిలా వస్తోంది, పై స్వరం అందడం లేదు. ఏటా మా అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ పాట ఎత్తుకునేది నేనే. నా గొంతు మళ్లీ వస్తుందా?*
– ఒక ఉద్యోగిని, నాచారం

మీ బాధ నాకు అర్థమైంది. స్వరతంత్రులను కదిలించే నరం థైరాయిడ్ గ్రంథి వెనకగా వెళుతుంది, పై స్వరాలకి సాయపడే మరో సన్నని నరం గ్రంథి పైకొస దగ్గర ఉంటుంది. ఆపరేషన్‌లో అవి కాస్త నలిగినా గొంతు ఇలా మారుతుంది. చాలామందిలో వారాల్లో, కొందరిలో నెలల్లో తిరిగొస్తుంది, ఏడాది దాకా కూడా కోలుకునే అవకాశం ఉంటుంది. అయితే ఇది ఎదురుచూసి ఊరుకునే విషయం కాదు. స్వరతంత్రులు రెండూ కదులుతున్నాయో లేదో ఇప్పుడే ఈఎన్‌టీ దగ్గర చిన్న గొట్టపు కెమెరాతో చూపించుకోండి, గొంతు వ్యాయామాలు నేర్పే స్పీచ్ థెరపిస్టును కలవండి. నీళ్లు తాగితే పొలమారుతుంటే రేపే వెళ్లండి. ఈ ఏడాది పాట ఇంకొకరు ఎత్తుకోనివ్వండి, మీరు చప్పట్లతో తోడుండండి. బలవంతంగా అరిచి పాడితే గొంతు బిగించడం అలవాటైపోతుంది, నరం బాగైనా ఆ బిగుతు వదలదు.

*మేము చర్చికి వెళతాం, నేను అక్కడ కొయిర్‌లో పాడతాను. క్యాంపస్‌లో స్నేహితుల బృందంలో చేరాలని ఉంది, కానీ గౌరమ్మ పాటలు కూడా ఉంటాయట. ఇంట్లో ఏమంటారోనని భయంగా ఉంది. మానేస్తే స్నేహితులు నొచ్చుకుంటారేమో.*
– ఒక డిగ్రీ విద్యార్థిని, సికింద్రాబాద్

ఈ ఇబ్బంది చాలామందికి ఉంటుందమ్మా, మీరు ఒంటరివారు కాదు. నాట్ల పాటలు, జోల పాటలు, పెళ్లి వేళాకోళాలు, అప్పగింతలు – దేవుళ్ల ఊసు లేని పాటలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. మీకు కుదరని పాట వచ్చినప్పుడు మౌనంగా పక్కన నిలబడతానని మొదటిరోజే చెప్పేయండి. మంచి బృందం దాన్ని ఆక్షేపించదు, బలవంతం చేసే బృందం మీకొద్దు. ఇంట్లోవాళ్లకి ఒక విషయం గుర్తుచేయొచ్చు: పందొమ్మిదో శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి గారు మన రాగాల్లో, మన తాళాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు. కొయిర్‌లో నాలుగు వరుసల్లో పాడే అలవాటున్న మీకు ఇక్కడ అందరూ ఒకే వరుసలో పాడటం మొదట్లో వింతగా ఉంటుంది. మీ గొంతు పైకి తేలకుండా పక్కవాళ్లలో కలిపేయడం నేర్చుకోండి.

*మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, నాతోపాటు ప్రాక్టీసుకి వస్తాడు. నెల నుంచి పాడుతుంటే గొంతు పగిలిపోతోంది. వాడు సిగ్గుతో రానంటున్నాడు. గొంతు చెడిపోయిందా?*
– ఒక తల్లి, విద్యానగర్

చెడిపోలేదు, పెరుగుతోంది. ఈ వయసులో మగపిల్లల స్వరపేటిక త్వరగా పెద్దదవుతుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి, కొత్త కొలతకి అలవాటు పడేదాకా గొంతు జారిపోతుంటుంది. కొన్ని నెలల నుంచి ఏడాది రెండేళ్ల దాకా ఇలా ఉండొచ్చు. పాడటం ఆపక్కర్లేదు, హాయిగా పలికే నాలుగు స్వరాల్లో పాడితే చాలు. మిగతా సమయం డప్పు చేతికివ్వండి. పదహారు పదిహేడేళ్లు వచ్చాకా చిన్నపిల్లాడి గొంతే ఉంటే అప్పుడు డాక్టరును అడగండి.

*మాది శ్రీకాకుళం. మావారి ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చాం. కాలనీ బృందంలో అందరూ తెలంగాణవాళ్లే. నా మాట తీరు వేరు, వాళ్ల పాటలు ఒక్కటీ రావు.*
– హబ్సిగూడ

రాకపోవడమే మామూలు, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. కాగితం మీద రాసుకుని నేర్చుకోకండి, పాడేవాళ్ల నోరు చూస్తూ నేర్చుకోండి, పలుకు దానంతటదే పడుతుంది. మీ వైపు జముకుల కథ ఉంది, తప్పెటగుళ్లు ఉన్నాయి, మీ ఊరి పెళ్లి పాటలున్నాయి. ఒకటి వాళ్లకి నేర్పండి.

*మా బృందం మొదటిసారి యూనివర్సిటీ ఠాగూర్ ఆడిటోరియంలో పాడబోతోంది. తలచుకుంటేనే గుండె దడ, నోరు ఎండిపోతోంది. స్నేహితురాలు దడ తగ్గే మాత్ర ఇస్తానంటోంది.*
– ఒక పీజీ విద్యార్థిని, తార్నాక

మీకు వచ్చినది జబ్బు కాదు. ముఖ్యమైన పని ముందు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, దడ, చెమట, వణుకు దానివే. అవి చాలామందికి మొదటి పాట పూర్తయ్యేలోపు దిగిపోతాయి. జనాన్ని చూడకండి, పాట ఎత్తుకునే ఆమె ముఖం మీదే చూపు నిలపండి, చప్పట్లు వదలకండి. చేతులకి పని ఉంటే వణుకు తెలియదు. ఒక రోజు ముందు ఆ వేదిక మీదే ఒకసారి పాడి చూసే వీలుంటే అడిగి చూడండి. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, క్లాసులో మాట్లాడాలన్నా ఇదే భయం పట్టుకున్నా కౌన్సెలర్‌నో మానసిక వైద్యులనో కలవండి, దానికి మంచి చికిత్స ఉంది. మాత్ర మాత్రం తీసుకోకండి. ఆస్తమా ఉన్నవారికి ఆ రకం మాత్రలు ప్రమాదం, లో బీపీ ఉన్నవారికీ మంచివి కావు. మీకు ఆస్తమా లేకపోయినా సరే, డాక్టరు చూసి రాయకుండా వద్దు.