పెచ్చు చిన్నదే, ముప్పు పెద్దది

మీ ఊళ్లో ఎవరింటి ముందైనా పాత అంబాసిడర్ కారు ఉంటే ఒకసారి దగ్గరగా వెళ్లి చూడండి. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర మొదలైన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. కనుక ఉన్నవాటిని కాపాడుకోవలసిందే. మడ్‌గార్డు మీదనో, తలుపు అంచుననో గోరంత మేర రంగు పెచ్చు లేచి ఉండవచ్చు. రోడ్డు మీద ఎగిరిపడిన కంకరరాయి చేసే పని అది. "ఇంతే కదా, కాస్త రంగు పూస్తే సరి" అనిపిస్తుంది. కాని తొందరపడి పూస్తే మేలు కన్న కీడే ఎక్కువ. ఎందుకో చూద్దాం.

రంగు కింద ఏముంది?

కారు పైభాగమంతా ఉక్కు రేకు. దానిమీద ముందుగా ప్రైమర్ అనే పూత వేస్తారు. ఇది ఉక్కును గట్టిగా పట్టుకుని, తన మీద వేసే రంగుకు కూడా పట్టు ఇస్తుంది. ఆపైన రంగు. ఈ పూతలన్నీ కలిపినా మందం మామూలుగా మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, అంతే! ఉక్కుకు గాలీ, నీరూ తగలకుండా కాపాడేది ఈ పలుచని పొరే.

తుప్పు ఎలా పాకుతుంది?

నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితేనే ఇనుము తుప్పు పడుతుంది. పెచ్చు లేచిన చోట నిలిచిన నీటిబొట్టును ఒక చిన్న బ్యాటరీ అనుకోండి. ఆక్సిజన్ తక్కువగా అందే చోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి, అయాన్లుగా మారి నీటిలో కలుస్తాయి. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా ఆక్సిజన్ బాగా అందే చోటికి చేరుతాయి. వదులైన రంగు అంచు కింద, ఆ ఇరుకులో, ఆక్సిజన్ సరిగా అందదు. అంటే మన కంటికి కనబడని చోటనే ఇనుము కరిగిపోతూ ఉంటుందన్నమాట!

కరిగిన ఇనుము కన్న దాని నుంచి పుట్టిన తుప్పుకు రెండింతలకు పైగా చోటు కావాలి. అందుకే అది పైనున్న రంగును పొక్కులా పైకి నెడుతుంది. పొక్కు పగిలితే మరింత తేమ లోపలికి పోతుంది. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు మరింత సులువుగా ప్రవహిస్తుంది. విశాఖపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో తుప్పు త్వరగా పట్టడానికి ఇదొక కారణం.

మరమ్మతు ఎలా చేస్తారు?

తుప్పు గుల్లగా ఉంటుంది, తేమను దాచుకుంటుంది. దానిమీదే రంగు పూస్తే ఆ రంగు పట్టుకునేది తుప్పును, ఉక్కును కాదు. కనుక ముందుగా ఆ చోటును సబ్బునీటితో కడిగి ఆరబెడతారు. సన్నని గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దుతారు. చుట్టూ ఉన్న పాత రంగు అంచును కూడా వాలుగా అరగదీస్తారు. వేలితో తడిమితే మెట్టులా తగలకూడదు. తరువాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో జిడ్డు తుడుస్తారు. ఇక అక్కడ చెయ్యి పెట్టకూడదు. మన చెమటలోనూ ఉప్పు ఉంది కదా!

మెరిసే లోహం మళ్లీ తుప్పు పట్టకముందే ప్రైమర్ పూస్తారు. గుంట లోతుగా ఉంటే కొద్దిగా లప్పం పెడతారు. ఆపైన సన్నని కుంచెతో రంగును పలుచగా, ఒక పూత ఆరాక మరొకటిగా వేస్తారు. ఒకేసారి మందంగా వేస్తే పైభాగం ముందు ఆరి మీగడ కడుతుంది. లోపలి ద్రావణి బయటికి పోలేదు.

ఏ రంగు వాడాలి?

లాకర్ రకం రంగు ద్రావణి ఆవిరైపోవడంతోనే ఆరుతుంది. మళ్లీ థిన్నర్ తగిలితే కరుగుతుంది. ఎనామెల్ రకం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఎనామెల్ మీద లాకర్ పూస్తే, అందులోని ఘాటైన థిన్నర్ వల్ల పాత పూత ముడతలు పడవచ్చు. అందుకే అనుభవమున్న పెయింటరు కనబడని ఒక మూల థిన్నర్ గుడ్డతో రుద్ది చూస్తాడు. పాత రంగు ఎండకు వెలిసి ఉంటుంది కాబట్టి డబ్బా మీది పేరును నమ్మడు. ఒక రేకు ముక్క మీద పూసి, ఆరాక, పగటి వెలుగులో పోల్చుకుంటాడు.

థిన్నర్ ఆవిరి హానికరం. నిప్పు ఇట్టే అంటుకుంటుంది. ఆ పని పెద్దలకే వదిలెయ్యండి.

మీరే చేసి చూడండి

జింకు పూత లేని రెండు ఇనుప మేకులను ఉప్పునీటిలో తడిపిన గుడ్డలో చుట్టి, తుప్పు పట్టేదాకా ఉంచండి. తరువాత బాగా ఆరబెట్టండి. ఒకదానికి తుప్పు మీదే గోళ్లరంగు పూయండి. రెండోదాన్ని మెరిసేదాకా రుద్ది, తుడిచి, అదే రంగు పూయండి. రెండూ ఆరాక మళ్లీ ఉప్పునీటి గుడ్డ మీద పెట్టి, గుడ్డ ఆరిపోకుండా చూసుకోండి. ఏ మేకు మీద పొక్కు ముందు లేస్తుందో రోజూ చూసి నోటుపుస్తకంలో రాసుకోండి.