గ్రాఫు చూసి వదిలేయకండి... నాలుగు వాక్యాలు రాయండి

మద్దతు ధర ప్రకటించిన మర్నాడు పేపర్లో నిలువు కడ్డీల బొమ్మ ఒకటి పడుతుంది. బడి పుస్తకాల్లో దాన్నే కమ్మీ చిత్రం అంటారు. మెట్లు కట్టినట్టు ఒకదాన్ని మించి ఒకటి కడ్డీలు పైకి పోతుంటాయి. చూడగానే 'ధర బాగానే పెంచుతున్నారే' అనిపిస్తుంది. నిజంగా ఎంత పెరిగింది? ఏ ఏడు ఎక్కువ, ఏ ఏడు తక్కువ? జవాబు ఆ బొమ్మలోనే ఉంది. దాన్ని ఒక పేరాగా రాయడం నేర్చుకుంటే గ్రామసభలో మాట్లాడటానికీ, అధికారికి అర్జీ పెట్టడానికీ పనికొస్తుంది. 'ధర గిట్టడం లేదు సార్' అంటే విని ఊరుకుంటారు. అదే మాట లెక్కతో రాసి ఇస్తే తోసిపుచ్చడం అంత తేలిక కాదు.

ఉదాహరణకు వరినే తీసుకుందాం. సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు ఇవి (రూపాయల్లో):

2017-18: 1,550
2018-19: 1,750
2019-20: 1,815
2020-21: 1,868
2021-22: 1,940
2022-23: 2,040
2023-24: 2,183
2024-25: 2,300
2025-26: 2,369

రాసే ముందు చూడాల్సినవి

మొదట బొమ్మ పైనున్న శీర్షిక చదవండి. ఏ పంట, ఏ రకం, ఏ ఏళ్లు అన్నది అక్కడే ఉంటుంది. సాధారణ రకానికీ, గ్రేడ్-ఎ రకానికీ ధర వేరు. రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

తర్వాత అంకెలు వేటిలో ఉన్నాయో చూడాలి. క్వింటాలుకా, బస్తాకా? రూపాయలా, శాతమా?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎడమవైపు నిలువు గీత సున్నా నుంచి మొదలైందా లేదా? పైన ఇచ్చిన ధరలనే 1,500 నుంచి మొదలుపెట్టి గీశారనుకోండి. మొదటి కడ్డీ ఎత్తు 50 రూపాయలంత, చివరి కడ్డీ ఎత్తు 869 రూపాయలంత కనిపిస్తుంది. అంటే కంటికి ధర 17 రెట్లు పెరిగినట్టు ఉంటుంది. నిజానికి పెరిగింది ఒకటిన్నర రెట్లే! అంకెలేవీ మార్చకుండానే బొమ్మ మనల్ని బోల్తా కొట్టిస్తుందన్నమాట. అందుకే కడ్డీ ఎత్తు చూసి రాయకూడదు, దాని మీదున్న అంకె చూసి రాయాలి.

పేరా ఎలా కట్టాలి?

వరుస ఇలా పెట్టుకోండి. ఒకటి: బొమ్మ దేని గురించి. రెండు: మొదలెంత, చివర ఎంత, మొత్తం తేడా ఎంత. మూడు: అన్నిటికన్నా పెద్ద మార్పు, అన్నిటికన్నా చిన్న మార్పు ఎప్పుడు. నాలుగు: ఈమధ్య పోకడ ఎటు ఉంది. ప్రతి ఏడాది అంకెనూ వరసపెట్టి రాయనక్కర్లేదు. అది పట్టికలోనే ఉంది. పేరాలో ఉండాల్సింది పోలిక.

మచ్చుకు:

"2017-18 నుంచి 2025-26 వరకు సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన మద్దతు ధరలను ఈ గ్రాఫు చూపుతోంది. ఈ కాలంలో ధర క్వింటాలుకు రూ.1,550 నుంచి రూ.2,369కి, అంటే రూ.819 పెరిగింది. ఇది సుమారు 53 శాతం. ఏ ఏడూ ధర తగ్గలేదు గానీ, పెంపు ఒకే తీరుగా లేదు. అత్యధికంగా 2018-19లో రూ.200 పెరిగితే, అతి తక్కువగా 2020-21లో రూ.53 పెరిగింది. 2023-24లో రూ.143 ఉన్న పెంపు తర్వాతి రెండేళ్లలో రూ.117కి, రూ.69కి తగ్గింది."

ఇంతే. ఇందులో 'బాగా', 'విపరీతంగా' లాంటి మాటలు లేవని గమనించండి. ఆ పని అంకెలే చేస్తాయి.

శాతం దగ్గర జాగ్రత్త

పెరిగిన మొత్తాన్ని పాత ధరతో భాగించి, నూటితో గుణించాలి. కొత్త ధరతో భాగిస్తే శాతం తక్కువ వస్తుంది. 2025-26లో పెంపు 69. పాత ధర 2,300. భాగించి గుణిస్తే 3 శాతం. అదే 2018-19లో 1,550 మీద 200 అంటే దాదాపు 13 శాతం.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. పెంపు తగ్గితే 'ధర తగ్గింది' అని రాసేస్తారు. 117 నుంచి 69కి తగ్గింది పెంపు మాత్రమే. ధర పెరిగింది. ఈ తేడా చూడకుండా అర్జీ రాస్తే మొదటి వాక్యానికే అధికారి ఎర్రసిరా గీత పెడతాడు.

బొమ్మలో లేనిది విడిగా రాయాలి

2018-19లో పెంపు ఎందుకు ఎక్కువ? గ్రాఫు చెప్పదు. సాగు ఖర్చుకు కనీసం ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తామని 2018 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇది మనం బయటి నుంచి తెచ్చిన సమాచారం. కాబట్టి వేరే వాక్యంగా రాయాలి. ఆ ఖర్చులో చేతి నుంచి పెట్టిన డబ్బు, ఇంటిల్లిపాది చేసిన కష్టం విలువ ఉంటాయి. సొంత భూమికి కట్టే కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ అందులో కలపరు. రైతు సంఘాలు అడిగేది ఆ రెండూ కలిపిన ఖర్చు మీద.

అలాగే ఇది ప్రకటించిన ధరే గానీ మీ చేతికి వచ్చిన ధర కాదు. మీ తక్‌పట్టీలు తీసి, ఏ ఏడు ఎంతకు అమ్మారో పక్కన మరో కడ్డీ గీయండి. రెండు కడ్డీల మధ్య ఖాళీయే మీ నష్టం. కూలి, కోత మిషను కిరాయి, ఎరువు బస్తా ధర కూడా అదే కాలానికి లెక్కేయండి. మద్దతు ధర 53 శాతం పెరిగినప్పుడు మీ ఖర్చు అంతకన్నా ఎక్కువ పెరిగి ఉంటే, పేరాకు అదే ఆఖరి వాక్యం.

వాన లెక్కకూ ఇదే పద్ధతి

వర్షపాతం గ్రాఫులో రెండేసి కడ్డీలుంటాయి. ఒకటి కురవాల్సిన వాన, రెండోది కురిసిన వాన. తేడాను శాతంలో రాయాలి. వాతావరణ శాఖ లెక్క ప్రకారం అటూ ఇటూ 19 శాతం లోపు అయితే సాధారణం. 20 నుంచి 59 శాతం తక్కువైతే లోటు. 60 శాతం, ఆపైన తక్కువైతే తీవ్ర లోటు.

నెల మొత్తం వాన ఒక కడ్డీగా చూపిస్తే బెట్ట కనబడదు. పది రోజుల్లో దంచికొట్టి ఇరవై రోజులు మొహం చాటేసినా ఆ నెల 'సాధారణం' కిందే పడొచ్చు. పైరు మాత్రం ఎండిపోతుంది. అందుకే నెల లెక్కతో సరిపెట్టుకోకుండా వారాల లెక్క అడగండి. వాన పడిన రోజులెన్నో కూడా రాయండి. రోజులో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన కురిస్తేనే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు.

ఈ వారం ఇంట్లో చదువుకునే పిల్లల్ని కూర్చోబెట్టుకుని, గళ్ల కాగితం మీద మీ పంట అయిదేళ్ల అమ్మకం ధరలు గీయండి. కింద ఆరు వాక్యాలు మించకుండా పేరా రాయండి. రాసింది పైకి చదివి, ప్రతి వాక్యానికీ బొమ్మలో అంకె ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. అంకె దొరకని వాక్యాన్ని కొట్టేయండి. మిగిలిందే మీ అర్జీకి బలం.