మడ అడవిని మరల పెంచుట

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను అచ్చటి పెద్దలు నేటికిని మరువలేదు. వేలాది ప్రాణములు, పశువులు, కోతకు రానున్న వరి నీటిపాలైనవి. కృష్ణా, గోదావరి నదులు సముద్రమును చేరుచోట్ల గల మడను వంటచెరకునకు నరుకుట, రొయ్యల చెరువులకై చదును చేయుట ఎంత నష్టమో తీరగ్రామముల రైతు సోదరులు గ్రహింపవలెను.

మడ చేయు మేలు

మడచెట్ల వేళ్ళు, కాండములు అలల వేగమును తగ్గించును. ఒండ్రును పట్టి ఉంచును. అందుచే ఒడ్డు, కరకట్ట కోతపడుట తగ్గును. రొయ్య, పీత, చేపపిల్లలు ఆ వేళ్ళ నడుమనే పెరుగును. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన పెనుతుఫానులో, కేంద్రపడా జిల్లాయందు సముద్రమునకును తమకును నడుమ వెడల్పైన మడ గల గ్రామములలో ప్రాణనష్టము తక్కువని తరువాతి పరిశీలనలో తేలినది. అయితే పెద్ద ఉప్పెనను ఏ అడవియు పూర్తిగా ఆపజాలదు. మడ ఉన్నదిగదా యని తుఫాను హెచ్చరికను పెడచెవిని పెట్టరాదు.

నరికినచోట మరల ఏల మొలవదు?

చెట్లు పోయిన నేల ఎండి, క్రుంగి, పళ్ళెమువలె గుంటపడును. పోటున వచ్చిన నీరు పాటున వెనుకకు పోలేక, నిలిచి ఆవిరియగును, ఉప్పు మిగులును. క్రమముగా ఆ ఉప్పునకు మడమొక్క సైతము తాళలేదు. కనుక ముందు నీటికి దారి, పిదప మొక్క. చవుడు పొలమునకు మురుగుకాలువ ఎంత అవసరమో దీనికిని అంతే.

పెంచు పద్ధతి

1. ముందుగా అటవీశాఖవారి అనుమతి, సలహా పొందవలెను.

2. ఏటినుండి ఒక ప్రధానకాలువను, దానికి ఇరుప్రక్కల చేపముల్లువలె ఏటవాలుగా పిల్లకాలువలను త్రవ్వవలెను. పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండవలెను. పోటునీరు వచ్చి తిరిగి పోగల లోతు చాలును.

3. ఉప్పు కొంత కడుగుకుపోయిన పిదప తెల్లమడ, నల్లమడ, తిల్ల మొక్కలను కాలువగట్ల వాలున, పోటునీరు తడుపు ఎత్తున నాటవలెను.

4. మొక్కలు తలెత్తువరకు గేదెలను, ఎద్దులను తోలరాదు.

5. కాలువలలో పూడికను ఏటేట తీయవలెను. పూడిన కాలువ క్రింద మొక్క మరల చచ్చును.

మడ ఎవరి పట్టా భూమియు కాదు. అందుచేతనే ఎవరికిని పట్టక పోవుచున్నది. కాని దాని వెనుక నున్న పొలము మీది, ఇల్లు మీది. పూడికతీతకు ఊరంతయు కొన్ని దినములు పనిచేసినచో ఆ రెంటికిని కాపు నిలుచును.